చిట్టి రోగికి చేదుమందు

పిల్లలూ! మీలో ఎంతమంది ఫెరెట్‌ను చూశారు? నేను మొదటిసారి అమీర్‌పేటలో, మా ఇంట్లోనే చూశాను. పక్క వాటాలో ఉండే ఆరో తరగతి అబ్బాయి ఒకనాడు దాన్ని భుజాన వేసుకొని వచ్చాడు. పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, కళ్లకు గంతలు కట్టినట్టు నల్లని మచ్చ.

"ఒరే, ముంగిసను పెంచరాదురా!" అన్నాను.

"ముంగిస కాదు మామయ్యా, ఫెరెట్! పేరు బుజ్జి," అన్నాడు వాడు.

వాడు చెప్పింది నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసను ఇంట్లో పెంచనివ్వదు. ఫెరెట్ కుటుంబం వేరు, అది నీటికుక్కకు చుట్టం. బొరియల్లో దాగిన కుందేళ్లను బయటికి తరమడానికి ఐరోపావాళ్లు పూర్వం నుంచీ దాన్ని పెంచుతున్నారు. లాటిన్ భాషలో దాని పేరుకు మూలమైన మాటకు "దొంగ" అని అర్థం. బుజ్జి వచ్చాక ఆ ఇంట్లో తాళంచెవులు, సాక్సులు ఎక్కడ పోతున్నాయో మరి వేరే చెప్పాలా?

అటువంటి బుజ్జి ఒకనాడు తిండి మానేసింది. మూలన ముడుచుకొని పళ్లు నూరుతున్నది. నానమ్మగారు పారాసిటమాల్ బిళ్ల తెచ్చి, "సగం తుంచి నోట్లో వెయ్యరా, జ్వరమై ఉంటుంది," అన్నారు. సమయానికి నేనక్కడ ఉండబట్టి సరిపోయింది! మనకు మేలు చేసే ఆ బిళ్ల పిల్లికి ప్రాణాంతకం. మన కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపినట్టు పిల్లి కాలేయం పంపలేదు. ఫెరెట్‌దీ అదే తీరు. పైగా బుజ్జి బరువు 900 గ్రాములు, వాడి బరువు 30 కిలోలు. మనిషి బిళ్లలో సగం అంటే దానికి ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

వెంటనే ఆటో ఎక్కి పంజగుట్టలో ఒక పశువైద్యుని దగ్గరికి వెళ్లాము. మర్నాటిదాకా చూద్దామనుకోవడానికి లేదు. ఫెరెట్ పేగు చాలా పొట్టిది; తిన్నది మూడు నాలుగు గంటల్లో అరిగిపోతుంది. ఒక్కరోజు పస్తున్నా అది నీరసించిపోతుంది.

డాక్టరుగారు దాన్ని తూచి, కడుపులో పుండు ఉన్నట్టున్నదని, రోజుకు రెండుసార్లు వెయ్యమని నీళ్లమందు, సూది లేని చిన్న సిరంజి ఇచ్చారు. "తేనెలో కలిపి పెట్టమంటారా?" అన్నారు నానమ్మగారు. "వద్దమ్మా, ఇది మాంసం తినే జంతువు. తీపి దీని ఒంటికి పడదు. తిండిగిన్నెలోనూ కలపకండి. సగం తిని వదిలేస్తే మందు ఎంత లోపలికి పోయిందో తెలియదు," అన్నారు డాక్టరుగారు.

ఆ రాత్రి మావాడు తొందరపడ్డాడు. బుజ్జి తల పైకెత్తి పట్టి, మందంతా ఒక్కసారిగా గొంతులోకి కొట్టాడు. బుజ్జికి పొలమారింది. దగ్గు, గురక, ముక్కులోంచి నురగ! వాడు గజగజ వణికిపోయాడు. పొలమారడమంటే చిన్న సంగతి కాదు. అన్నం పోయే దారి, ఊపిరి పోయే దారి గొంతులో పక్కపక్కనే ఉంటాయి. మింగేటప్పుడు ఊపిరి దారి దానంతట అదే మూసుకుంటుంది. మింగే వ్యవధి ఇవ్వకుండా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దానివల్ల న్యుమోనియా వచ్చి ప్రాణం పోవచ్చు. ఫోను చేస్తే డాక్టరుగారు, "తల దించి పట్టుకోండి, మళ్లీ మందు వెయ్యకండి, ఆయాసపడితే తీసుకురండి," అన్నారు. అదృష్టం బాగుండి కాసేపటికి కుదుటపడింది.

మర్నాటి నుంచి మందు వెయ్యడం నానమ్మగారి వంతైంది. ఆవిడ పద్ధతి చూడవలసిందే! తువ్వాలులో దాన్ని పొత్తిళ్లలో బిడ్డలా చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి ఒడిలో పెట్టుకున్నారు. తల ఎత్తలేదు, సమంగా ఉంచారు. కోరపన్ను వెనక, బుగ్గ పక్కన సిరంజి మొన ఆనించి ఒక్క చుక్క వేశారు. నాలుక ఆడింది, గొంతు కదిలింది. అప్పుడు ఇంకో చుక్క. "ఉగ్గుగిన్నెతో మీ నాన్నకు ఆముదం పట్టింది ఇలాగేరా," అన్నారు. ఇంత చిన్న జంతువును ఆవిడ ఎన్నడూ ముట్టి ఎరుగరు సుమండీ! పని కాగానే ఉప్పు, ఉల్లి వెయ్యని కోడిరసం చెంచాడు నాకించారు. దాంతో మూడోనాటికి సిరంజి చూస్తేనే బుజ్జి ఎదురు రావడం మొదలుపెట్టింది.

అయిదోనాడు మావాడికి ఫ్లూ జ్వరం వచ్చింది. బుజ్జి గదిలోకి వాణ్ణి రానివ్వవద్దన్నారు డాక్టరుగారు. మన ఫ్లూ ఫెరెట్‌కు అంటుతుంది. 1933లో లండన్ శివారు మిల్‌హిల్‌లోని శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూకు కారణం వైరస్ అని కనిపెట్టింది ఫెరెట్ల సాయంతోనే. రోగుల గొంతు కడిగిన నీటిని వాటి ముక్కులో వేస్తే వాటికీ జబ్బు చేసింది. 1936లో జబ్బుపడ్డ ఫెరెట్ ఒకటి స్టువర్ట్ హ్యారిస్ అనే డాక్టరు ముఖాన తుమ్మితే ఆయనకూ ఫ్లూ వచ్చింది!

ఇంతకూ బుజ్జి లేచి తిరుగుతున్నది. మందు మాత్రం ఇంకా నాలుగు రోజులు వెయ్యాలి. నయమైనట్టు కనబడిందని మధ్యలో మానరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నిన్న సాయంత్రం మందు వేళకు సిరంజి ఎంత వెతికినా దొరకలేదు. చివరికి సోఫా కింద దొరికింది, మా ఇంటి తాళంచెవితో సహా.