మాటా మంతీ: కాళ్ళు పైన పెట్టుకో నాయనా!

పోయిన సంక్రాంతికి మా అక్కయ్య మనవడు సెలవు మీద జయపురం వచ్చాడు. సి.ఆర్.పి.ఎఫ్.లో ఉద్యోగం, బస్తరులో డ్యూటీ. భోజనాలయ్యాక, "మందుపాతర పేలినా చెక్కుచెదరని బండ్లిచ్చారటగా, ఇంక భయమేముందిరా?" అన్నాను. వాడు నవ్వి, "బండికేం కాదు చిన్నమ్మమ్మా, లోపల మా కాళ్ళు విరుగుతాయి" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని, నాకు తట్టలేదు సుమండీ! వాడే విడమరిచాడు.

ఆ బండి అడుగుభాగం పడవ అడుగులా కోసుగా ఉంటుంది. కింద పేలిన దెబ్బ పక్కలకు జారిపోతుంది. 1970లలో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో పుట్టిన ఉపాయమిది. మన మెదక్ ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో 'ఆదిత్య' పేరుతో ఇలాంటి బండి తయారైంది. అడుగు చిల్లు పడదు, మంట లోపలికి రాదు. కానీ ఆ ఇనుప నేల రెప్పపాటు కూడా పట్టకుండా పైకి తన్నుకొస్తుంది. దానికి ఆనించిన మడమ నుజ్జవుతుంది, మోకాలి కింది ఎముక విరుగుతుంది. సీటు నేలకే బిగించి ఉంటే దెబ్బ వెన్నుపూసలకు పాకుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల కింద మైన్లు పేలినప్పుడు డెక్కు మీద నిలబడ్డ నావికులకూ ఇవే గాయాలట. నాటో దేశాల పరీక్షల్లో బండిలో బొమ్మ మనిషిని కూర్చోబెట్టి కింద మందు పేలుస్తారు. ఆ కాలి ఎముక మీద పడే బలం 5.4 కిలో న్యూటన్లు, అంటే సుమారు 550 కిలోల బరువు, దాటకూడదని లెక్క.

అందుకే సీటును గోడకో కప్పుకో వేలాడదీస్తారు. పాదాలు నేలకు తగలకుండా చిన్న పీట అమరుస్తారు. బెల్టు పెట్టుకోకపోతే తల వెళ్ళి కప్పుకు కొట్టుకుంటుంది. కట్టకుండా వదిలేసిన నీళ్ళ క్యాను కూడా ఫిరంగి గుండే!

"మరి నువ్వు కాళ్ళు పీట మీదే పెడతావా?" అన్నాను.

"ఆ ఉక్కలో, బూట్లతో, గంటల తరబడి ఎవరు పెడతారు?" అన్నాడు. బెల్టు సంగతి అడిగితే మాట మార్చాడు.

మందు మరీ ఎక్కువైతే ఏ బండీ ఆగదు. 2005 సెప్టెంబరులో బస్తరులో అలాంటి బండిలోనే 24 మంది పోయారు. అది వాడి చేతిలో లేదు. పీట మీద కాళ్ళు పెట్టడం వాడి చేతిలోదే గదా!

చిన్నప్పుడు వాడు అరుగు మీద కూర్చుని కాళ్ళు ఊపితే అక్కయ్య వీపు మీద ఒకటి వేసేది. మొన్న బయల్దేరేటప్పుడు అక్షింతలు వేసి, "కాళ్ళు పైన పెట్టుకో నాయనా" అంది. ఇప్పుడు వాడు ఫోను చేస్తే, అన్నం తిన్నావా అనేకంటే ముందు అదే అడుగుతోంది.