పడావు భూమి దిక్కులేని భూమి కాదు

అడవికి ఎరువుల బస్తా మోసినవాడు ఎవడూ లేడు. అయినా మద్ది, తునికి, ఇప్ప ఏటా చిగురు వేస్తూనే ఉన్నాయి. రాలిన ఆకును చెదలు కొరుకుతాయి, బూజు కుళ్ళబెడుతుంది, కంటికి కనపడని సూక్ష్మజీవులు మిగతా పని పూర్తి చేస్తాయి. వానకు కొట్టుకుపోయే లోపే వేళ్ళూ, వాటిని అంటుకున్న శిలీంధ్రాలూ చాలా సారాన్ని పట్టుకుని చెట్టుకు తిరిగి అందిస్తాయి. ఇందులో ఏ జీవి లేకపోయినా లెక్క తప్పుతుంది.

భద్రాచలం మన్యంలో కోయలు, కొండరెడ్లు ఈ లెక్క తెలిసే పోడు కొట్టారు. కాల్చిన బూడిదలో పొటాష్, భాస్వరం, సున్నం దక్కుతాయి. నత్రజని చాలావరకు పొగలో పోతుంది. అందుకే కొన్నేళ్ళు జొన్న, సామ, కంది తీసి, నేలను పడావు పెట్టేవారు. మోళ్ళు చిగిర్చి, ఆకు రాల్చి, పోయినదాన్ని మెల్లగా పూడ్చేవి. పోడంతా మంచిదేనని మేము అనడం లేదు. ఏటవాలు మీద ఏడాదికేడాది దున్నితే పైమట్టి వాగు పాలవుతుంది. ఆ మాట మనవాళ్ళకు మనమే చెప్పాలి.

కానీ పడావును మాన్పించింది ఎవరు? 2006 అటవీహక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి స్వాధీనంలో ఉన్న భూమికి హక్కు ఇస్తుంది. పట్టా చేతికి రానివాడు ఒక్క ఏడు దున్నడం ఆపితే చాలు, కందకం తవ్వి మొక్కలు నాటుతారేమోనని హడలిపోతాడు. ఆ భయంతో ఏటా పత్తే పెడతాడు. సారం తగ్గితే అప్పు తెచ్చి యూరియా చల్లుతాడు. యూరియా ఇచ్చేది నత్రజని ఒక్కటే. భాస్వరమూ ఇవ్వదు, మట్టిలో జీవాన్ని నిలిపే పేడా, ఆకూ అంతకన్నా ఇవ్వదు. దిగుబడి పడిపోయిన ఏడు ముందు తెగేది ఏరే కూలీల రోజులే. రైతు నష్టం లెక్కల్లో ఈ నష్టాన్ని రాసేవాడే లేడు.

2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు భూమికి పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. అది పోరాడి సాధించుకున్నది, సంతోషమే. అయితే పట్టా ఉన్నా, క్లెయిము పెండింగులో ఉన్నా, విశ్రాంతికి వదిలిన నేలను వదిలేసిన నేలగా రాయకూడదు. చట్టం సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. దాన్ని కాగితం మీదనుంచి దించాలి. వాలు పొలాలకు గట్లు వేసే పని సర్కారు ఖర్చుతో స్థానిక కూలీలకే ఇవ్వాలి. వచ్చే గ్రామసభలో ఏ సర్వే నంబరులో ఎంత పడావు ఉందో మనమే రాయించి, తీర్మానం నకలు చేతికి తీసుకునే బయటికి రావాలి.