పేరు పెట్టడం చిన్న పనా?

పోయిన సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు, సముద్రం అడుగున దొరికిన ఓ కొత్త పగడం సంగతి మా నాన్నకు చెప్పాను. ఆయన గట్టు చెక్కుతూ అంతా విని, "దానికి పేరు పెడితే ఎవరికేం ఒరిగిందిరా?" అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

పగడం అంటే రాయి కాదు, జంతువు. రాతి పగడాలు సున్నంతో గట్టి గూడు కట్టుకుంటాయి. మెత్తటి పగడాలకు ఆ గూడుండదు. ఒంట్లో ఇసుక రేణువుల్లాంటి సున్నపు ముక్కలుంటాయి. ప్రతి పాలిప్‌కూ ఈకల్లాంటి ఎనిమిది టెంటకిల్స్. మన ఉంగరాల్లోని ఎర్ర పగడం కూడా ఈ ఎనిమిది చేతులవాళ్లకు చుట్టమే.

ఈ తెగకే చెందిన ఒక లోతు సముద్రపు పగడం 2006లో హవాయి దీవుల్లోని మొలోకాయి దగ్గర కనిపించింది. 2016లో మరియానా అగాధం దగ్గర మళ్లీ కనిపించింది. ఇరిడోగార్జియా చూబాకా అని పేరొచ్చింది మాత్రం 2025లో. వెంట్రుకల్లాంటి పొడుగాటి కొమ్మలున్నాయని ఓ సినిమాలోని బొచ్చు పాత్ర పేరు పెట్టారు. నాకిప్పుడు 20 ఏళ్లు. నేను ఉయ్యాల్లో ఉండగా చూసిన జీవికి నేను డిగ్రీకొచ్చాక పేరొచ్చిందన్నమాట!

ఇంత ఆలస్యమెందుకు? చూడటం వేరు, గుర్తించడం వేరు గనక. చిన్న ముక్క కోసి బ్లీచింగ్ ద్రావణంలో వేస్తే కండ కరిగి సున్నపు ముక్కలు మిగులుతాయి. వాటి ఆకారం, పొడవు మైక్రోస్కోపు కింద చూసి రాసుకోవాలి. ఇదివరకు వర్ణించిన దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. ఇప్పుడు డీఎన్ఏ కూడా చూస్తున్నారు. చివరికి ఒక నమూనాను హోలోటైప్‌గా మ్యూజియంలో భద్రపరచి, వర్ణన అచ్చువేయాలి. రేపెవరికి అనుమానమొచ్చినా ఆ నమూనా దగ్గరికే రావాలి.

ఇక నాన్న ప్రశ్న. మూడేళ్ల కిందట మా వరిచేను అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోయింది. తెగులనుకుని రెండుసార్లు తెగులు మందు కొట్టాం. మా మేనమామ వచ్చి దుబ్బుల మొదళ్లు విడదీసి చూసి, "తెగులు కాదు బావా, సుడిదోమ" అన్నాడు. అప్పటికే ఎకరం పోయింది. మందు లేక కాదు, పేరు తెలియక.

పగడం మన చేలో పురుగు కాదుగా అంటారేమో. నిజమే. కాని పాసుపుస్తకంలో ఎక్కని చెక్కను ఎవరు దున్నుకున్నా అడిగే దిక్కుండదు. పేరు లేని జీవి కూడా అంతే. అంతరించినా లెక్కలోకి రాదు.

మిత్రులారా, మన జువాలజీ మ్యూజియంలో అడుగు అర సీసాలు ఎప్పుడైనా చూశారా? సగం లేబుళ్లు ఊడిపోయాయి. ఎక్కడ దొరికింది, ఏ ఏడు, ఎవరు తెచ్చారు, ఏమీ తెలియదు. ఆ వివరాలు లేని నమూనా పరిశోధనకు దాదాపు పనికిరాదు. మనమేమో సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించేస్తున్నాం. నేనూ దించాను, దాచడమెందుకు?

వచ్చే ఏడు యూనియన్ నిధుల్లో కొంత లేబుళ్లకు, సీసాల మందుకు కేటాయించాలని నా కోరిక. లెక్చరర్లు దగ్గరుండి చూపిస్తే ఆదివారాలు మేం కూర్చుంటాం. పూర్వ విద్యార్థులు తాము తెచ్చిన నమూనాల వివరాలు గుర్తున్నంతవరకు రాసి పంపాలి.

ఈ సావనీర్ ఇంటికి పట్టుకెళ్లి నాన్నకు చదివి వినిపిస్తాను. సుడిదోమ దగ్గరికొచ్చేసరికి పార పక్కన పెడతాడని నా నమ్మకం.