నంబర్లు కలవకపోయినా కారు నడుస్తుంది.. ఫోన్ మాత్రం ఎందుకు అలుగుతుంది?

పాత అమెరికన్ మజిల్ కార్ల వీడియోలు చూసినప్పుడల్లా మనవాళ్లు అనే మాట ఒకటుంది: "అప్పట్లో వస్తువులు గట్టిగా చేసేవాళ్లు బ్రో." నేను ఒప్పుకోను. అవి గట్టి కార్లేమీ కావు. అయినా 55 ఏళ్ల తర్వాత కూడా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే కారణం వేరే ఉంది. ఫోన్లు, గ్యాడ్జెట్లు కొనే మనకి ఆ కారణం తెలియాలి.

ముందు మజిల్ కార్ అంటే ఏంటో చూద్దాం. మధ్య సైజు బాడీలో పెద్ద వీ8 ఇంజిన్ పెట్టి, కుర్రాళ్లకు అందే ధరకు అమ్మడం, అంతే. 1964లో పాంటియాక్ టెంపెస్ట్ లె మాన్స్ బాడీలో 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే దాదాపు 6.4 లీటర్లది, పెట్టి జీటీఓ పేరుతో అమ్మడంతో ఈ క్రేజ్ ఊపందుకుంది. 1970కి వచ్చేసరికి షెవెల్ ఎస్‌ఎస్ 454లో టాప్ ఇంజిన్‌ని 450 హార్స్‌పవర్‌గా చూపించారు. అదీ ఫ్యాన్, ఎగ్జాస్ట్ లాంటి భారాలు తీసేసి కొలిచే 'గ్రాస్' లెక్క. 1972 నుంచి 'నెట్' లెక్క మొదలయ్యాక అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. స్పెక్ షీట్ మాయలు మన ఫోన్ కంపెనీలతో మొదలవలేదన్నమాట.

ఇక క్వాలిటీ సంగతి. బాడీకి తుప్పు తొందరగా పట్టేది. చాలా మోడల్స్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే స్టాండర్డ్. మైలేజ్ చూస్తే లీటరుకు 4-5 కిలోమీటర్లు వస్తే గొప్ప. ఓడోమీటర్‌లో మైళ్లకు ఐదంకెలే ఉండేవి, లక్ష దాటితే మళ్లీ సున్నా. ఇలాంటి వస్తువు ఇన్నేళ్లు బతకడానికి కారణం గట్టిదనం కాదు, విప్పి బాగుచేసుకునే వీలు.

50 ఏళ్ల బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ

షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్ 1955లో వచ్చింది. అందులో 350 క్యూబిక్ అంగుళాల వెర్షన్ 1967లో కమారోతో మొదలై, తర్వాత దశాబ్దాల పాటు కార్లు, పికప్‌లు, వ్యాన్లు అన్నిట్లోకీ వెళ్లింది. మీ దగ్గర 1969 షెవెల్ ఉంది, ఇంజిన్ పోయింది అనుకుందాం. 1985 నాటి షెవర్లే పికప్‌లోంచి 350 ఇంజిన్ దించి తెచ్చి పెట్టేయొచ్చు. ఇంజిన్ మౌంట్లు కలుస్తాయి, గేర్‌బాక్స్‌కి బిగించే బోల్టుల ప్యాటర్న్ కూడా అదే. 16 ఏళ్ల తేడా ఉన్న రెండు బళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మా ప్రొఫెషన్‌లో ఏపీఐని రెండేళ్లు మార్చకుండా ఉంచితేనే పండగ చేసుకుంటాం!

కార్బురేటర్‌దీ అదే కథ. హోలీ 4150 మోడల్ 1957లో వచ్చింది. ఇప్పుడు అదే హోలీ అమ్ముతున్న స్నైపర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్, ఆ కార్బురేటర్ ఉన్న చోటే, అదే నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది. ఫ్యూయల్ పంపు, వైరింగ్, సెన్సర్ల పని ఉంటుంది కానీ ఇంజిన్ మార్చక్కర్లేదు. కారు తుప్పు పట్టి టింకరింగ్‌కి కూడా పనికిరాని స్థితిలో ఉంటే, డైనాకార్న్ అనే కంపెనీ 1967 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్, 1969 కమారోల పూర్తి బాడీ షెల్స్ కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్స్, వైరింగ్ డయాగ్రామ్‌లు రీప్రింట్లుగా దొరుకుతాయి. పాత ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ సెట్ చేయాలంటే లాగిన్, సబ్‌స్క్రిప్షన్ ఏమీ ఉండవు. ఒక ఫీలర్ గేజ్ పెట్టి అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా సరిచేస్తే చాలు.

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌లో వేల కొద్దీ పాత కార్లు బారులు తీరుతాయి. ట్రాయ్, నోవై వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన సందడి. ఆ కార్ల వెనక ఉన్నది నోస్టాల్జియా ఒక్కటే కాదు, విడిభాగాల పెద్ద మార్కెట్.

'నంబర్స్ మ్యాచింగ్' అనే సరదా

ఈ హాబీలో ఎక్కువగా వినిపించే మాట 'నంబర్స్ మ్యాచింగ్'. ముఖ్యంగా 1960ల చివరి నుంచి కారు గుర్తింపు నంబర్‌లోని కొన్ని అంకెల్ని ఇంజిన్ బ్లాక్ మీద కూడా కొట్టేవాళ్లు. ఆ రెండూ కలిస్తే, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజిన్ ఇంకా ఆ కారులోనే ఉందని అర్థం. అలాంటి కార్లకు రేటు ఎక్కడికో వెళ్లిపోతుంది. చాలా తక్కువ సంఖ్యలో తయారైన 1971 హెమీ కూడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

మరి నంబర్లు కలవకపోతే? రేటు తగ్గుతుంది. అంతే! కారు స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, పొగ వదులుతుంది, పక్కింటివాళ్లని నిద్ర లేపుతుంది. ఒరిజినల్ కావాలా, నడిస్తే చాలా అన్నది ఓనర్ ఇష్టం. మామూలు జీతగాళ్లు ఈ హాబీలో ఉండగలుగుతున్నది నంబర్లు కలవని కార్ల వల్లే.

ఇప్పుడు మన జేబులోకి చూద్దాం

ఫోన్లలో 'పార్ట్స్ పెయిరింగ్' అంటే ఇదే నంబర్స్ మ్యాచింగ్. తేడా ఏంటంటే, ఇక్కడ ఓనర్‌కి ఛాయిస్ ఉండదు. స్క్రీన్, బ్యాటరీ, కెమెరా సీరియల్ నంబర్లు మదర్‌బోర్డుతో కలవకపోతే సాఫ్ట్‌వేర్ వార్నింగ్ చూపిస్తుంది, లేదా ఫీచర్ ఆపేస్తుంది. 2021లో ఐఫోన్ 13 స్క్రీన్‌ని బయట మార్పిస్తే ఫేస్ ఐడీ పనిచేయలేదు. విమర్శలు గట్టిగా రావడంతో యాపిల్ దాన్ని అప్‌డేట్‌తో సరిచేసింది. అప్‌డేట్‌తో పోయిందంటే అడ్డు హార్డ్‌వేర్‌లో లేదని అర్థం. కోడ్ రాసేవాడిగా చెబుతున్నా, ఇలాంటి చోట్ల ఆపేది ఒక ఇఫ్ కండిషన్.

హైదరాబాద్ ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో కూర్చుని బోర్డు స్థాయిలో రిపేర్ చేసే కుర్రాళ్లలో మజిల్ కార్ మెకానిక్ తెలివే ఉంది. పనితనానికి లోటు లేదు. ఆ కండిషన్ దాటడానికి వాళ్లకి పర్మిషన్ లేదు, అంతే.

కార్లూ అదే దారి పట్టాయి. 2015 నుంచి డాడ్జ్ ఛాలెంజర్, ఛార్జర్ల ఇంజిన్ కంప్యూటర్ లాక్ అయి రావడం మొదలైంది. 2020 మోడల్ కార్వెట్ సీ8 అంతకన్నా గట్టి తాళంతో వచ్చింది. అమెరికాలో 2015లో కాపీరైట్ ఆఫీస్ ప్రక్రియ ద్వారా, సొంత బండి సాఫ్ట్‌వేర్‌ని రిపేర్ కోసం తెరవడానికి మినహాయింపు ఇచ్చారు. నా కారు నేను తెరవడానికి మినహాయింపు అడుక్కోవాల్సి రావడమే నాకు నచ్చని సంగతి. పైగా అది తెరిచే పనికే గానీ, తెరిచే టూల్స్ అమ్మడానికి కాదు.

సెక్యూరిటీ మాటేంటి?

కంపెనీలు చెప్పే కారణం దొంగతనం, భద్రత. ఇందులో కొంత నిజం ఉంది. దొంగ ఫోన్లు విప్పి విడిభాగాలు అమ్మే వ్యాపారం ఉన్నదే. ఫేస్ ఐడీ సెన్సర్ లాంటివి ఎవరుపడితే వాళ్లు మార్చగలిగితే ప్రమాదమే. కానీ తాళం దొంగని ఆపుతోందా, ఓనర్నా? అమెరికాలో హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2023లో ఇచ్చిన లెక్క చూడండి: 2020-22 మోడల్ కార్లలో దొంగతనం క్లెయిములు ఎక్కువగా వచ్చింది డాడ్జ్ ఛార్జర్ హెల్‌క్యాట్‌కి, సగటు కన్నా 60 రెట్లు! ఇంజిన్ కంప్యూటర్‌కి తాళం వేసిన కారు ఇది.

దారి లేదా అంటే ఉంది. లాగిన్ అయిన ఓనర్ "ఈ పార్ట్ నేనే మార్పించాను" అని ఓకే చేస్తే ఫోన్ ఒప్పుకోవాలి. దొంగతనంగా నమోదైన ఫోన్‌లోంచి తీసిన పార్ట్ అయితే తిప్పికొట్టాలి. వాడిన ఒరిజినల్ పార్ట్స్ విషయంలో యాపిల్ ఐఓఎస్ 18లో ఈ దిశగా అడుగు వేసింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 2024లోనే పార్ట్స్ పెయిరింగ్‌ని అడ్డుకునే చట్టం చేసింది. యూరప్‌లో 2025 జూన్ నుంచి కొత్త ఫోన్లకు, అమ్మకాలు ఆగాక కూడా 7 ఏళ్లు విడిభాగాలు ఇవ్వాలనే రూల్ వచ్చింది. మనకి 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ వచ్చింది. మంచిదే, కానీ సమాచారం ఇచ్చే పోర్టల్ తాళం తీయదు.

ఇలాంటి సైట్లకు కూడా ఒక బాధ్యత ఉందని నా అభిప్రాయం. కెమెరాకి, డిస్‌ప్లేకి, గేమింగ్‌కి స్కోర్లు ఇస్తున్నాం. అలాగే ప్రతి రివ్యూలో మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: బయట స్క్రీన్ మారిస్తే ఏ ఫీచర్ పోతుంది? బ్యాటరీ విడిగా ఎంతకు, ఎన్నేళ్లు దొరుకుతుంది? సర్వీస్ మాన్యువల్ అందరికీ ఇస్తున్నారా? జవాబు లేకపోతే ఆ గడిలో సున్నా వేయాలి.

ఎవరూ 2075లో నేటి ఫోన్‌ని మజిల్ కార్‌లా వుడ్‌వర్డ్ మీద ఊరేగించరు, నాకూ తెలుసు. కానీ నాలుగో ఏడు స్క్రీన్ పగిలినప్పుడు, పక్క వీధి కుర్రాడి చేత బాగుచేయించుకునే హక్కు కోసం 2075 దాకా ఆగక్కర్లేదు కదా. కొనేముందు ఆ మూడు ప్రశ్నలూ షాపులో అడగండి. అడిగేవాళ్లు పెరిగితే జవాబులు వాటంతటవే బయటికొస్తాయి.