మూడు రోజుల పాట

మా అబ్బాయిలిద్దరూ అమెరికాలోనే ఉద్యోగాలు చేస్తున్నారు. చిన్నప్పటినుంచీ ఒకడు ఔనంటే రెండోవాడు కాదనాలి. 2007 సంక్రాంతికి కలిసి బెజవాడ వచ్చారు. పెద్దవాడి జేబులో తెల్లని ఐపాడ్, చిన్నవాడి జేబులో కాఫీగింజ రంగు జూన్. ఇంకేం, భోగిమంట ఆరకముందే తగువు మొదలు. తీర్పరిని నేను.

కళ్ళజోడు సవరించుకుని చూశాను. రెండింటి ఖరీదూ రమారమి 250 డాలర్లు. రెండింటా 30 గిగాబైట్ల చోటు. లోపల మన గ్రామఫోను రికార్డుకు మునిమనవడిలాంటి బుల్లి బిళ్ళ తిరుగుతుంది. ఐపాడ్ చక్రం కదలదుగాని, దానిమీద వేలు గుండ్రంగా రాస్తే పాటల జాబితా జరజరా జారిపోతుంది. జూన్‌కీ చక్రం ఉన్నట్టే కనిపిస్తుంది. అది వట్టి వేషం. నాలుగువైపులా నొక్కే మీటలు, అంతే. తెర మాత్రం జూన్‌దే పెద్దది: మూడంగుళాలు. ఐపాడ్‌ది రెండున్నర.

"చూశారా నాన్నగారూ!" అన్నాడు చిన్నవాడు.

"చుక్కలు లెక్కపెట్టమనండి" అన్నాడు పెద్దవాడు. నిజమే, రెంటికీ అడ్డం 320, నిలువు 240. పిండి అంతే ఉంచి దోసె పెద్దది చేసినట్టు!

జూన్‌లో ఎఫ్.ఎం. రేడియో ఉందనేసరికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "భక్తిరంజని వస్తుందట్రా?" మేము భక్తిరంజని వినేది మీడియం వేవ్ మీద. రాదన్నాం. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. మా అత్తగారు పాడిన మంగళహారతులు ఒక పాత కాసెట్టులో ఉండేవి. ఆవిడ పోయి అప్పటికి పదేళ్ళు. చిన్నవాడు అంతకుముందు వచ్చినప్పుడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకుని వెళ్ళాడు. ఇప్పుడు జూన్‌లో పెట్టుకొచ్చాడు. తల్లీ కొడుకూ చెరొక చెవిలో పెట్టుకుని విన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అన్నయ్యకి కూడా ఇవ్వరా" అన్నది.

"ఒక జూన్‌నుంచి ఇంకో జూన్‌కి తీగ లేకుండానే పంపవచ్చమ్మా. ఐపాడ్‌కి వెళ్ళదు."

"పోనీ, వాడూ ఇదే కొంటే?"

"మూడుసార్లు వినవచ్చు. వినకపోయినా మూడు రోజులే. ఆ తరువాత పాడదు."

"పక్కింటావిడకి తోడుచుక్క ఇచ్చి, మూడోనాటికి నీ పెరుగు విరిగిపోతుంది అంటామా? మా అమ్మ గొంతుకు గడువేమిట్రా!"

పెద్దవాడు నవ్వలేదు. "నీ కంప్యూటరులో ఉన్నది మామూలు ఎంపీత్రీయేగా? అది పంపించరా. దీంట్లోనూ పాడుతుంది" అన్నాడు. వచ్చిన తరువాత అన్నదమ్ములు ఒక్కమాటమీదికి రావడం అదే మొదలు.

ఆ రోజుల్లో ఆ కంపెనీల అంగళ్ళలో తాళం వేసి అమ్మిన పాటలు ఒకదానివి మరొకదాంట్లో పాడేవి కావు. మనింటి పాటకు ఆ తాళం లేదు. కాబట్టి వేలికి హాయి ఐపాడ్, కంటికి హాయి జూన్ అని తీర్పు చెప్పి, హారతుల ప్రతి మాత్రం రెండుచోట్ల వేరే దాచమన్నాను. నా తీర్పుల్లో పనికొచ్చింది అదొక్కటే.

జూన్ తయారీ 2011లో ఆగిపోయింది, ఐపాడ్ 2022 మేలో. మా వాళ్ళవి రెండూ బీరువా సొరుగులో పక్కపక్కనే పడుకున్నాయి. హారతులు ఇప్పుడు మనవరాలి ఫోనులో వింటున్నాం. కాసెట్టు మటుకు మా ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వదు.