ఆ డోర్ తెరుచుకోదు, ఇటు జరిగి దిగండి

చుట్టాల కారెక్కినా, పక్కింటివాళ్ల కారెక్కినా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. సర్దుకుపోవడం మనకు అలవాటు. కుళాయి కారితే కింద బకెట్ పెడతాం. మిక్సీ మూత పట్టకపోతే చేత్తో అదిమి పట్టుకుంటాం. కానీ కారు డోర్ లాక్ విషయంలో ఈ సర్దుబాటు పనికిరాదని నా అభిప్రాయం.

2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆగి ఉన్న కారులో చిక్కుకుని ఇద్దరు చిన్నారులు చనిపోయారు. మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు ఊపిరాడక పోయారు. మన ఉప్పల్, నాచారం ఎండ సంగతి చెప్పాలా? ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది.

పాత తాళానికి కప్ప, చెవి రెండూ చేతికి తగిలేవి. ఇప్పుడు బటన్ నొక్కితే 'టక్' మంటుంది, అంతే. అందుకే అదేదో మనకు అంతుపట్టని వ్యవహారమనీ, మగవాళ్ల పని అనీ వదిలేస్తాం. గ్యాస్ రెగ్యులేటర్ బిగించడం నేర్చుకున్న చేతులకు ఇదేమంత కష్టం కాదు.

ప్రతి డోర్ లోపలా ఒక చిన్న మోటార్ ఉంటుంది. అదే లాక్‌ని లాగుతుంది, తోస్తుంది. రిమోట్‌తో పడక, డ్రైవర్ డోర్ దగ్గరి బటన్‌తో పడుతుంటే ముందుగా అనుమానించాల్సింది రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీని. నాలుగు డోర్లూ దేనికీ పలకకపోతే ఫ్యూజ్ చూడాలి. అది ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పోతే అదే ఆంపియర్‌ది వేయాలి, ఎక్కువది వేయకూడదు. శబ్దం నీరసంగా వస్తే కారు బ్యాటరీ దిగిందేమో చూడాలి. ఒక్క డోరే మొరాయిస్తే ఆ డోర్ మోటారో, డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైరో పాడై ఉండొచ్చు. డోర్ తీసి వేసి, తీసి వేసి ఆ వైర్లు లోపలే తెగుతాయి. ఇక వెనక డోర్ బయటినుంచి తెరుచుకుని లోపలినుంచి తెరుచుకోకపోతే చైల్డ్ లాక్ పడిందేమో చూడండి. డోర్ అంచున చిన్న మీట ఉంటుంది.

ఇంతమాత్రం తెలిస్తే షెడ్డుకు వెళ్లినప్పుడు "లాక్ పనిచేయట్లేదు" అని నిలబడిపోం. "ఎడమ వెనక డోర్ ఒక్కటే, మోటార్ శబ్దం కూడా రావట్లేదు" అని చెప్పగలం. ఒక డోర్ బాగుచేయించడానికి వెళ్లి నాలుగింటికీ డబ్బు కట్టే బాధ తప్పుతుంది.

పిల్లలకూ నేర్పాలి. వెనక డోర్ రాకపోతే ముందు సీట్లోకి వచ్చి హ్యాండిల్ లాగాలి, హారన్ నొక్కుతూనే ఉండాలి. చాలా కార్లలో ఇంజన్ ఆపినా హారన్ మోగుతుంది. రిమోట్‌లోనే దాగి ఉండే అసలు తాళంచెవిని బయటికి తీయడం ఇంట్లో అందరికీ రావాలి. ఆడుకునే పిల్లల చేతికి అందకుండా కారు ఎప్పుడూ లాక్ చేసే ఉంచాలి. ఎవరైనా లోపల చిక్కుకుంటే మెకానిక్ కోసం ఎదురుచూడొద్దు. 112కి ఫోన్ చేస్తూనే, వాళ్లకు దూరంగా ఉన్న పక్క అద్దం మూల మీద కొట్టి పగలగొట్టండి. ముందు అద్దం అంత తేలిగ్గా పగలదు. అద్దం ఖరీదు తరవాత చూసుకోవచ్చు.

ఈ ఆదివారం కారు కడిగేటప్పుడు ఒక్కో సీట్లో కూర్చుని లోపలినుంచి డోర్ తెరిచి చూడండి. తెరుచుకోని డోర్ ఏదైనా ఉంటే, ఆ పక్కన రోజూ కూర్చునేది ఎవరో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.