నర్సునకు పట్టమునకు పైచదువు వలయునా?

మన పాఠశాల విడిచి నర్సింగు కళాశాలలకు బోవు బాలికలు ప్రతి సంవత్సరమును కొందఱు కలరు. వారి తలిదండ్రులు ఉపాధ్యాయుల నడుగు ప్రశ్న యొకటి నానాటికి ప్రబలుచున్నది. నాలుగేండ్లు చదివి బి.ఎస్‌సి. పట్టము పొందిన పిమ్మట పిల్ల కొలువున చేరవలయునా, లేక ఎం.ఎస్‌సి. కూడ ముగింపవలయునా? ఔనని గాని కాదని గాని యొక్క మాటలో బదులు చెప్పుట సులభమే. కాని యే పనికై చదువుచున్నదో తెలియక యెంత చదువవలయునో చెప్పుట యెట్లు?

చదువు వలన రోగికి మేలు కలుగునా యను సందేహమును మొదట దీర్చుకొందము. పక్క సవరించి మందు త్రాగించుటకు పట్టమేల యనువారు నేటికిని లేకపోలేదు. వారు నర్సు పనిలో కంటికి గానవచ్చు భాగమును మాత్రమే చూచుచున్నారు. శస్త్రచికిత్స జరిగిన రాత్రి రోగి నాడి వడి హెచ్చును, మూత్రము తగ్గును, మాట తడబడును. ఆ వేళ వైద్యుడు దాపున నుండడు. ఈ మూడింటిని గలిపి చూచి, లోపల రక్తస్రావ మగుచున్నదేమో యని శంకించి, వైద్యునకు కబురంపునది నర్సే. ఆ శంక శరీరశాస్త్రము నెఱిగినవారికే కలుగును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆస్పత్రుల లెక్కలను బరిశీలించి లిండా ఐకెన్ అను విదుషియు ఆమె సహచరులును 2003లో ఒక వ్యాసము ప్రకటించిరి. పట్టభద్రులైన నర్సుల పాలు 10 శాతము హెచ్చుగా నున్నచోట శస్త్రచికిత్స పొందిన రోగులు మరణించు నవకాశము 5 శాతము తక్కువగా నున్నదని తేలినది. ఐరోపాలోని తొమ్మిది దేశముల లెక్కలలో 2014లో ఈ భేదము 7 శాతముగా గనబడినది.

అయితే ఈ లెక్కలను జూపి ఎం.ఎస్‌సి.ని సమర్థించువారు పొరబడుచున్నారు. అవి పట్టము గలవారిని లేనివారితో బోల్చిన లెక్కలు. పట్టమునకును దానిపై చదువునకును గల భేదమును గూర్చి యవి యేమియు జెప్పవు.

మన దేశమున నర్సింగు పట్టపు చదువు 1946లో ఢిల్లీలోను వేలూరులోను మొదలైనది. ఢిల్లీ కళాశాలలోనే 1959లో పై పట్టమును బ్రారంభమైనది. నర్సులకు జదువు చెప్పువారును, పెద్ద ఆస్పత్రులలో నర్సుల పని నడపువారును కావలసియుండగా అట్టి చదువు పుట్టుట న్యాయమే. కష్టమెల్ల తరువాత వచ్చినది. ఎం.ఎస్‌సి.లో చేరుటకు ఒక్క సంవత్సరపు పని చాలును. ఆ యొక్క యేడు వార్డులో నిలిచి, రెండేండ్లు చదివి, వెంటనే కళాశాలలో బోధకురా లగు యువతి గట్టుమీద నిలిచి యీత నేర్పు పంతులమ్మ వంటిది. (అట్టివారిలోను దిట్టలు కలరు, కాని వారు అరుదు.) రోగి పడక చెంతనే యుండగోరిన దానికి మాత్రము, పలుచోట్ల, ఎం.ఎస్‌సి. వలన పనియు మాఱదు, జీతమును హెచ్చదు. కావున మిక్కిలి చదివినవారు రోగికి దూరమగుచున్నారు. ఇది చదువు తప్పు గాదు, ఏర్పాటు తప్పు.

రోగికి దూరము చేయని పైచదువును గలదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము కరీంనగరమున, పని నెఱిగిన నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణ మొదలుపెట్టినది. మఱుసటి యేడు కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి అట్టి మార్గదర్శక సూత్రములను బ్రకటించినది. ఈ శిక్షణ పొందినది తిరిగి కాన్పుగదికే పోవును. సహజముగా జరుగు కాన్పును తన బాధ్యతమీద నడపును. పట్టము పేరు మాఱకున్నను పని మాఱినది.

అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను వైద్యుడును నర్సు ప్రాక్టిషనరు చదువును నెలకొల్పిరి. నేడచ్చట ఆ వృత్తికి పట్టమునకు పైచదువు తప్పనిసరి. దానికి బ్రతిగా రోగిని బరీక్షించి మందు వ్రాసి యిచ్చు నధికారమును గలదు. మనదేశమునను ఇంటెన్సివ్ కేరులో బనిచేయు నర్సులకు అట్టి రెండేండ్ల చదువు వచ్చినది గాని, దానికి దగిన యుద్యోగములును అధికారమును వెనుకబడినవి. అప్పుచేసి ఫీజు గట్టిన తండ్రికి ఈ సంగతి ముందుగా దెలియవలదా?

కావున, బోధనయందు గాని యొక శాఖయందు గాని నిజముగా మనసు గలదానికి పైచదువు వలయును. తక్కినవారికి మంచి బి.ఎస్‌సి. చాలును. మనసు గలదియు రెండు మూడేండ్లు వార్డులో రాత్రిపనులు చేసి, తనకు బాలింతలు ప్రియమో, పసిబిడ్డలు ప్రియమో, వెంటిలేటరు మీది రోగులు ప్రియమో తెలిసికొని పిమ్మట దరఖాస్తు పెట్టుకొనుట మేలు. కళాశాల నెన్నుకొనునపుడు భవనమును జూచి మురియక, దానికి సొంత ఆస్పత్రి కలదా, అందు నిత్యము ఎన్ని పడకలు నిండుచున్నవి, బోధకులు వారమున నెన్ని దినములు వార్డుకు వచ్చుచున్నారు అని తలిదండ్రులు స్వయముగా బోయి విచారింపవలయును.